మెయిన్ వాల్వు ఎక్కడుందో చెప్పు ముందు

డాలస్ చుట్టుపక్కల కొత్తగా ఇళ్ళు కొనుక్కున్న మన పిల్లలు గృహప్రవేశాలకి పిలుస్తూ ఉంటారు. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అన్నీ అయ్యాక ఇల్లంతా తిప్పి చూపిస్తారు. వంటింటి గట్టు మీద పరిచిన రాయి ఏ దేశం నుంచి వచ్చిందో చెబుతారు. ఆఫీసులో కూర్చుని ఫోన్‌తో గరాజ్ తలుపు ఎలా తియ్యచ్చో చూపిస్తారు. అంతా విని నేను అడిగేది ఒక్కటే. వీధిలోంచి వచ్చే నీళ్ళని కట్టేసే వాల్వు ఎక్కడుంది నాయనా? అబ్బాయి అమ్మాయి వంక చూస్తాడు, అమ్మాయి అబ్బాయి వంక చూస్తుంది. ముప్ఫై ఏళ్ళ అప్పు నెత్తినేసుకుని కొన్న ఇంట్లో నీళ్ళు ఎటునుంచి వస్తాయో, ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలీదు. నాకు ఒళ్ళు మండుతుంది.

మా రోజుల్లో ఇల్లు చేతికొచ్చిన నాడే అమ్మినాయన దగ్గరుండి అది చూపించి మరీ వెళ్ళేవాడు. వీధి అంచున గడ్డిలో మూత, మూత కింద మీటరు, మీటరుకి ఇంటివైపున వాల్వు. మూత లేపడానికో కొంకి, వాల్వు తిప్పడానికి పొడుగాటి కడ్డీ. ఆ రెండూ గరాజ్ గోడకి మేకులు కొట్టి తగిలించి ఉండేవి. ఇంట్లో పదేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ అది తెలిసి ఉండాల్సిందే. ఇప్పుడు వెళ్ళి చూడండి. మూత మీదికి గడ్డి పాకి కనబడదు. వెతికి తెరిస్తే లోపల బురద, ఎర్రచీమల పుట్ట. వాల్వు ఎన్నేళ్ళుగా కదిలించలేదో, చేత్తో తిప్పితే తిరగనే తిరగదు.

టెక్సస్‌కి చలి చుట్టపుచూపుగా వస్తుంది. అదే చిక్కు. మిషిగన్‌లోనో మినసోటాలోనో ఇల్లు కట్టేవాడు చలిని లెక్కేసుకునే కడతాడు. పైపుని భూమిలో మంచు దిగని లోతుకి దించుతాడు, ఇంట్లో లోపలి గోడల్లోంచి నడిపిస్తాడు. ఇక్కడి మేస్త్రీకి ఆ బెంగ లేదు. అటక మీదుగానో, బయటి గోడలోంచో, ఎటు దగ్గరైతే అటు లాగేస్తాడు. అందుకే అక్కడివాళ్ళు కోటు వేసుకుని పనికి పోయే చలికి ఇక్కడి ఇళ్ళలో కప్పులు కూలతాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షలు చేసి చెప్పిన లెక్క ఒకటుంది. దక్షిణాది రాష్ట్రాల ఇళ్ళలో చుట్టూ ఏ రక్షణా లేని పైపులకి, బయట 20 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గండం మొదలవుతుంది. మన లెక్కలో మైనస్ ఏడుకి దగ్గర. గోడలో కంతలుండి గాలి దూరితే అంతదాకా కూడా ఆగదు.

1983 డిసెంబరు సంగతి ఇక్కడి పాతవాళ్ళని అడగండి. 18వ తారీకున గడ్డకట్టే స్థాయి కిందికి దిగిన చలి 30వ తారీకు మధ్యాహ్నం దాకా పైకి రాలేదు. అప్పటికి నేను ఇర్వింగ్‌లో ఒక పాత చెక్క ఇంట్లో అద్దెకి ఉండేవాణ్ణి. దిమ్మెలు, వాటి మీద దూలాలు, వాటి మీద చెక్కల నేల. నేల కింద మనిషి పాక్కుంటూ వెళ్ళేంత ఖాళీ, ఆ ఖాళీలోనే పైపులన్నీ. తెనాలిలో పుట్టి పెరిగినవాడికి పైపులో నీళ్ళు గడ్డకడతాయన్న ఊహైనా ఎలా వస్తుంది? పక్కింటి పెద్దాయన రైల్వేలో చేసి రిటైరైన తెల్లాయన. చలి వస్తోందని రేడియోలో విన్న సాయంత్రమే పాత గుడ్డలూ పేపర్ల కట్టా పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన్ని నేను పిలవలేదు. వీధిలో కొత్తగా వచ్చినవాడికి చెప్పడం తన పని అనుకున్నాడు.

ముందు హోస్ గొట్టం విప్పించాడు. దాన్ని భుజం మీద వేసుకుని ఒక చివర నుంచి రెండో చివరకి నడిస్తే లోపలి నీళ్ళన్నీ కారిపోతాయి, అప్పుడు చుట్ట చుట్టి లోపల పెట్టాలి. తర్వాత కుళాయి. గుడ్డ చుట్టడం మూతి దగ్గర మొదలుపెట్టబోతే ఆపాడు. కుళాయి మెడ గోడలోంచి బయటికి వచ్చేచోట మొదలుపెట్టాలట. అక్కడ ఒక వేలు మేర బయటపడి ఉన్నా మిగతా చుట్టంతా దండగ. చీల్చిన తువ్వాలు మెడకి బిగించి, మూతి దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళాడు. దాని మీద డాలస్ టైమ్స్ హెరాల్డ్ పేపరు మడతలు. 1991లో మూతబడింది ఆ పేపరు. మడతల మీద బ్రెడ్డు కవరు బోర్లించి టేపు చుట్టాడు, ఎందుకంటే తడిసిన గుడ్డ చలిని ఆపదు. చలికి టేపు జిగురు పట్టదని టేపుచుట్టని కోటు లోపల, చొక్కా జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచాడు. కోటు గుండీ విప్పి టేపు తియ్యడం, జానెడు చుట్టి మళ్ళీ జేబులో వేసుకోవడం. అంత ఓపిక! చివరికి ఇంటి కింది గాలి కంతలకి గోనెసంచులు కుక్కించి, చలి పోగానే తీసెయ్యమని, లేకపోతే కింద చెమ్మకి దూలాలు చెడిపోతాయని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ తంటా లేదు. కుళాయి మీద తగిలించే నురగ తొడుగు దొరుకుతుంది, ఖరీదు రెండు మూడు కాఫీలంత. మంచి వస్తువే, దాన్ని తప్పుపట్టను. పెట్టే తీరు చూస్తేనే బాధ. లోపలి ఉచ్చు కుళాయికి తగిలించి, బయట మర బిగించి, తొడుగు అంచు ఇటుక గోడకి చుట్టూ ఆనేదాకా లాగాలి. తొడుగు తనంతట తాను వేడి పుట్టించదు. గోడలోంచి వచ్చే ఇంటి వెచ్చదనాన్ని పోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అంచుకీ గోడకీ మధ్య వేలు దూరే సందుంటే ఆ వెచ్చదనం అంతా బయటికే. మా వీధిలో చలిరాత్రి ముందు నడిచి చూస్తే సగం తొడుగులు వేలాడుతూ ఉంటాయి. ఒకటి రెండిళ్ళలో అయితే హోస్ గొట్టం విప్పకుండానే పైన తొడుగు తగిలిస్తారు. అది చూశాక తలుపు కొట్టకుండా ముందుకి వెళ్ళలేను.

గొట్టం సంగతి ఎందుకింత పట్టుకుంటానంటే, దాని వల్ల జరిగే నష్టం చలికాలంలో కనబడదు. ఇప్పటి ఇళ్ళలో చాలావాటికి గడ్డకట్టని కుళాయిలు పెడుతున్నారు. పిడి బయటే ఉంటుంది గానీ నీళ్ళు ఆపే బిళ్ళ మాత్రం అడుగు లోపల, గోడ వెచ్చగా ఉన్నచోట ఉంటుంది. కట్టెయ్యగానే మధ్యలోని నీళ్ళు బయటికి కారిపోవాలి. గొట్టం తగిలించి ఉంటే అవి కారవు. చలిరాత్రి గడ్డకట్టి, గోడలోపల కుళాయి పైపుని చీలుస్తాయి. కుళాయి కట్టేసి ఉన్నంతకాలం చుక్క కూడా బయటపడదు. మార్చిలో మొక్కలకి నీళ్ళు పెడదామని తిప్పుతారు, బయట ధార సన్నగా వస్తుంది, మిగతాదంతా గోడలోకి పోతుంది. లోపల కార్పెట్ తడిసి కాలికి తగిలేదాకా తెలీదు. అయిదు నిమిషాల పని చెయ్యనందుకు గోడ పగలగొట్టించుకోవాలి.

చలిరాత్రి కుళాయిలోంచి చుక్క వదలడం గురించి కూడా చెప్పాలి, దాన్ని తంతులా చేసేవాళ్ళే ఎక్కువ. మంచు ఉబ్బి పైపుని చీలుస్తుందని అందరూ అనుకుంటారు. నీళ్ళు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బే మాట నిజమే. కానీ ఎక్కువసార్లు పైపు పగిలేది గడ్డ ఉన్నచోట కాదు. పైపు మధ్యలో గడ్డ కట్టి, పెరుగుతూ, ఎదుటి నీళ్ళని కట్టేసిన కుళాయి వైపు తోస్తుంది. వీధి వైపు నీళ్ళకి వెనక్కి పోయే దారుంది. ఇటు ఇరుక్కున్న నీళ్ళకి లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. కుళాయి కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. చుక్క వదలడంలో అసలు గుట్టు ఇదే. ఇంట్లోకి నీళ్ళు వచ్చేచోటికి అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి, బయటి గోడకి ఉన్న కుళాయి, వీటిని వదలాలి. వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ రెండూ కదలాలి. ఇప్పటి ఒంటిపిడి కుళాయిలని చన్నీళ్ళ వైపు తిప్పి చుక్క వదిలి పడుకుంటారు, పక్కనే వేణ్ణీళ్ళ పైపు రాత్రంతా కదలకుండా ఉండిపోతుంది. పిడి నడిమధ్యలో ఉండాలి. సింకు కింద బీరువా తలుపులు బార్లా తీసి గది వెచ్చదనం లోపలికి పోనివ్వాలి. ఊరి నీళ్ళ ఒత్తిడి పడిపోయి, వదలొద్దని మునిసిపాలిటీ చెబితే మాత్రం మెయిన్ కట్టేసి పైపులు ఖాళీ చేసుకోవడమే మార్గం. 2021లో హ్యూస్టన్‌లో అలాగే చెప్పాల్సి వచ్చింది.

వేణ్ణీళ్ళ విషయంలో మా కాలమే మేలని గట్టిగా అంటాను. మా హీటరు గరాజ్‌లోనో అల్మారాలోనో నిలబడ్డ పెద్ద డ్రమ్ము. అడుగున చిన్న గ్యాసు మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. కరెంటు పోయినా దానికి పట్టేది కాదు. వెచ్చదనానికి గ్యాసు పొయ్యి గోడలో ఉండేది, దానికీ కరెంటుతో పనిలేదు. ఇప్పుడు ఇల్లు పెద్దదైనా చోటు కలిసి రావాలని, డ్రమ్ము లేని హీటరుని తీసుకెళ్ళి బయటి గోడకి, చలిగాలికి ఎదురుగా బిగిస్తున్నారు. అది గడ్డకట్టకుండా లోపల ఒక చిన్న వేడితీగె ఉంటుంది, కరెంటు ఉంటేనే అది పనిచేస్తుంది. కరెంటు పోయే రాత్రులే చలి ఎక్కువుండే రాత్రులని అందరికీ తెలుసు. కరెంటు పోయి తిరిగి వచ్చే ఆశ లేకపోతే వెంటనే గ్యాసు కట్టెయ్యాలి, కింద నీలం పిడీ ఎర్ర పిడీ రెండూ కట్టెయ్యాలి, వాటి పక్కనున్న చిన్న బిరడాలు విప్పి బకెట్టులోకి నీళ్ళు వదిలెయ్యాలి. ఈ పని ఎండ ఉన్నరోజున ఒకసారి చేసి చూసుకున్నవాడే చీకట్లో, వణికే చేతుల్తో చెయ్యగలడు.

2021 ఫిబ్రవరి 15 తెల్లవారకముందే కరెంటు కోతలు మొదలయ్యాయి. రాష్ట్రం గ్రిడ్ మొత్తం కూలిపోవడానికి నాలుగు నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగింది. నలభై అయిదు లక్షల ఇళ్ళకి పైగా చీకటి. 16వ తారీకు ఉదయం డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19కి దగ్గర. 1949 తర్వాత ఈ ఊరు అంత చలి చూడలేదు. 246 మంది పోయారని రాష్ట్రం చెప్పిన లెక్క. కారు గరాజ్‌లో ఆన్ చేసి కూర్చుని, ఇంట్లో బొగ్గులు రాజేసుకుని, ఆ విషపు గాలికి నిద్రలోనే పోయినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. విద్యుత్ కేంద్రాలని చలికి తట్టుకునేలా సిద్ధం చెయ్యండని 1989 చలి తర్వాతా చెప్పారు, 2011 ఫిబ్రవరిలో కోతలు పెట్టాకా చెప్పారు. 2021 దాకా ఎవరి చెవికీ ఎక్కలేదు, చట్టం ఆ తర్వాతే వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ప్రభుత్వానికే అలవాటైతే ఇంటివాడికి వేరే చెప్పాలా?

ఆ వారంలో మా వీధి చివర కుర్రాడొకడు ఫోన్ చేశాడు. మాట గొంతులో ఆగిపోతోంది.

"అంకుల్, సీలింగ్‌లోంచి నీళ్ళు పడుతున్నాయి. ఏం చెయ్యమంటారు?"

"మెయిన్ కట్టెయ్ బాబూ, ముందు అది."

"ఎక్కడుంటుంది అంకుల్?"

"బయటికి రా. నేనూ వస్తున్నా."

నేను వెళ్ళేసరికి కుర్రాడు గరాజ్‌లో ప్లంబర్ల నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతున్నాడు, ఎవరూ ఎత్తడం లేదు. వీధి అంచున మంచు కాలితో జరిపి, అంచనా మీద అడుగులేసి, పారతో మూత అంచు పట్టి లేపాం. వాల్వు పిడిని పైపుకి అడ్డంగా తిప్పగానే లోపల ధార సన్నబడటం వాళ్ళావిడ గుమ్మంలోంచి అరిచి చెప్పింది. అప్పటికే పిల్లల గది కప్పులోని పలక తడిసి కుంగి, మధ్యలో విరిగి మంచం మీద పడింది. అటకలో పైపు ప్లాస్టిక్‌ది. ఈ కొత్త పైపు కొంత సాగి తట్టుకుంటుంది, కాదనను. పగిలింది దాని మలుపులో ఉన్న ఇత్తడి ముక్క. అటకలో వేడి పోకుండా పరిచే దూది పరుపు కింద వెచ్చగా ఉండాల్సిన పైపుని పరుపు పైన, చలిలో పడేసి పోయాడు కట్టినవాడు. ఒకే ఒక్కసారి టార్చిలైటు పట్టుకుని అటకెక్కి చూస్తే తెలిసేది.

నీళ్ళు నిల్వ పెట్టుకోవడం మన వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదనుకునేవాణ్ణి. తెనాలిలో మునిసిపాలిటీ కుళాయి వచ్చేది పొద్దునో గంట, సాయంత్రమో గంట. మా అమ్మ గంగాళం, ఇత్తడి బిందెలు, కాగు, ఆఖరికి మరచెంబులు కూడా నింపాకే వేరే పని ముట్టుకునేది. 2021లో ఆ చలి వారం ఇక్కడ లక్షల ఇళ్ళలో కుళాయి ఎండిపోయింది, వచ్చినచోట మరిగించుకుని తాగమన్నారు. ముందురోజే స్నానాల తొట్టె నింపుకున్న ఇళ్ళు ఎన్నని? బకెట్లతో మంచు ఎత్తుకొచ్చి కరిగించి మరుగుదొడ్లో పోసుకున్నారు, పాపం, పసిపిల్లలున్నవాళ్ళు కూడా. వాళ్ళలో చాలామంది అమ్మమ్మలు వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళే.

ఇంకో సంగతి ఏటా నా నిద్ర చెడగొడుతుంది. డిసెంబరు రాగానే సగం కాలనీ హైదరాబాదుకో విజయవాడకో బయల్దేరుతుంది, సంక్రాంతి చూసుకుని గానీ రారు. కరెంటు బిల్లు మిగులుతుందని హీటింగ్ కట్టేసి పోతారు. ఎవరూ లేని ఇంట్లో పైపు పగిలితే నీళ్ళు ఎన్నాళ్ళు కారాలో అన్నాళ్ళూ కారతాయి. ఇంట్లో వేడి 55 ఫారన్‌హీట్‌కి తగ్గకుండా ఉంచండి. మెయిన్ కట్టేసి, కింది కుళాయిలన్నీ తెరిచి ఖాళీ చేసి వెళ్ళండి. వేడి ఉంచకుండా, నీళ్ళు కట్టకుండా వెళ్ళిన ఇంటికి ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు ఇవ్వం అనే వీలు చాలా పాలసీల్లోనే రాసి ఉంటుంది. తాళంచెవి ఒకటి ఇరుగుపొరుగుకి ఇచ్చి, వాల్వు చూపించి వెళ్ళండి. మా రోజుల్లో ఊరెళ్తే పక్కింటివాళ్ళకి తాళం ఇవ్వకుండా కదిలేవాళ్ళం కాదు. ఇప్పుడు కెమేరా ఉందిగా అంటారు. ఆ కెమేరాలో వరద కనబడుతుంది, సరే, గుంటూరులో కూర్చుని వాల్వు ఎలా తిప్పుతారు?

చలి విరిగిన రోజు జాగ్రత్త గురించి ఎవరూ చెప్పరు. కుళాయి తిప్పితే నీళ్ళు రాకపోతే ఎక్కడో గడ్డ ఉందన్నమాట. కుళాయి తెరిచే ఉంచి, కుళాయి వైపు నుంచి వెనక్కి, జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో నెమ్మదిగా వేడి పెట్టాలి. మంట దగ్గరికి రానివ్వకూడదు, అలా ఇళ్ళు తగలబడ్డాయి. గడ్డ కరిగినప్పుడే పగులు బయటపడుతుంది, కాబట్టి ఆ పూట ఇంట్లో మనిషి ఉండి తీరాలి. మెయిన్ కట్టేసినవాళ్ళు ఒక్కసారిగా తెరవకుండా కొద్దికొద్దిగా తెరిచి, ఒకరు లోపల గది గదికీ తిరిగి గోడలు తడిమి చూడాలి. తర్వాత అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు మూత తియ్యండి. అద్దం కింద చిన్న త్రికోణపు ముల్లు ఒకటి ఉంటుంది. అరగంట చూసినా అది కదలకపోతే ఇల్లు బాగున్నట్టు. కదిలితే మళ్ళీ కట్టేసి ప్లంబరుని పిలవండి. తొడుగులు మాత్రం అప్పుడే తియ్యకండి, మార్చి సగం దాకా ఇక్కడి చలిని నమ్మడానికి లేదు.